పద్దెనిమిది వోల్టుల మర్యాద

గిటారు మోతను అరుపుగా మార్చే ఆ పెడల్‌కి తొమ్మిది వోల్టులు చాలని దాని వెనకే రాసి ఉంది. కానీ బ్యాండులో అందరూ ఉరుము అని పిలిచే ఆ గిటారు వీరుడికి రాసింది చదివే అలవాటు లేదు. "పద్దెనిమిది ఇస్తే గోడలు బద్దలైపోవాలి బావా!" అంటూ రేడియో మెకానిక్ అయిన బావ ప్రాణం తోడేశాడు. బావ తిట్టుకుంటూనే పెడల్ విప్పి, అంత కరెంటుకి పేలిపోయే కెపాసిటర్లు పీకేసి గట్టివి వేసి, పద్దెనిమిది వోల్టులూ తగిలించాడు.

ఉరుము పళ్లు బిగించి తీగ మీటాడు. పెడల్ అత్తారింట్లో కొత్తల్లుడిలా ఒద్దికగా పలికింది.

రెండేళ్లుగా చీపురుకర్రతో నేల బాదుతున్న పైవాటా టీచరమ్మ దిగొచ్చి తలుపు తట్టింది. "ఇన్నాళ్లకి వినబుద్ధేసింది బాబూ. రోజూ ఇలాగే వాయించు," అని మెచ్చుకుని వెళ్లింది. చెప్పుతో కొట్టినా ఉరుము అంత బాధపడేవాడు కాదు.

"రెట్టింపు పెడితే ఇలా పిల్లిలా అయిపోయిందేంటి బావా?"

"కడుపు నిండా పెడితే ఎవడైనా ఎందుకు అరుస్తాడ్రా?"

బావ వోల్టులు కొలిచే తన మీటరులోంచి కొన ఊపిరితో ఉన్న తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఊడదీసి పెడల్‌కి తగిలించాడు. ఈసారి తీగ మీటగానే పెడల్ గొంతు చించుకుంది. పైన చీపురుకర్ర దబదబా మోగింది.

ఉరుముకి ప్రాణం లేచొచ్చింది.