రంపపుపొట్టు పచ్చిక

ఎండిన టీ పిప్పిని సౌభాగ్యమ్మ పాత జల్లెడలో పోసి ఆడించింది. కింద రాలిన మెత్తటి పొడి మట్టికి, పైన మిగిలిన గరుకుది చెట్ల మొదళ్లకు. మార్కాపురంలో ఇళ్ల స్థలాలు అమ్మే ఆఫీసుల్లో, అద్దాల పెట్టెల్లో కనిపించే బుల్లి ఊళ్లకు నేల పరిచేది ఆమే. టీ కొట్టువాళ్లు పారబోసింది మట్టి. కోతమిల్లులో ఊడ్చిన పొట్టుకు ముగ్గురంగు పట్టిస్తే పచ్చిక. పలకల ఫ్యాక్టరీ వెనక గుట్టగా పడివున్న పొడి తారురోడ్డు. కొనేది బంక ఒక్కటే, అందులోనూ సగం నీళ్లే.

ఆ పలకపొడే ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆమె మొగుడు తిమోతిని చంపింది. ఇప్పుడు ఆమెకు కూడు పెడుతోంది. దేవుడికి ఇలాంటి సరసాలంటే ఇష్టం కాబోలు.

పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. వయసు మీద నెట్టేసి, బంకతో పొక్కులు లేచిన వేళ్లను చీరకొంగుకు తుడుచుకుంది.

ఆ బుల్లి ఊళ్లు తయారుచేసే దుకాణం యజమాని అశోక్ కొత్త ప్లాను తెచ్చి పరిచాడు.

"సాయంత్రానికల్లా కావాల పెద్దమ్మా. ఈడ పార్కు. గడ్డి బాగా ఒత్తుగా పరుచు."

ఆమెకు చదువు రాదు. కానీ వాగు వంపు, చర్చి పక్క మలుపు చూడగానే చోటు తెలిసిపోయింది.

"ఇది మా సమాధుల తోట గదా నాయనా?"

"దానికి కాగితాలు లేవంట. చదును చేస్తా ఉండారు."

"మీ పెదనాయన పక్కన నాకు చోటు ఇడిసిపెట్టినారు. మరి నన్ను యాడ పెడతారు?"

"తోటే గదా పెద్దమ్మా, తోటగానే ఉంటాదిలే!"

తన చమత్కారానికి తనే నవ్వుకుంటూ అశోక్ ఫోను అందుకుని బయటికి పోయాడు.

పిల్లల్లేరు. ఉండేది అద్దె గది. ఈ భూమ్మీద తనదని ఆమె అనుకున్నది తిమోతి పక్కనున్న ఆరడుగుల నేలే. పోతే ఆయన పక్కకే పోతానని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ గొప్పగా చెప్పుకునేది. ఇప్పుడు ఆ నేలను తన చేత్తోనే కప్పెయ్యాలి. కోపం వచ్చింది, ఏడుపొచ్చింది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఈమె కాదంటే ఇంకొకరు పరుస్తారు.

బంక పూసి, పొట్టు చల్లి, అరచేత్తో అద్దింది. తర్వాత గోరంత పలకముక్కలు రెండు విరిచి, తిమోతి ఉన్న చోట, తడి ఆరకముందే పక్కపక్కన పడుకోబెట్టింది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

అశోక్ తిరిగొచ్చి, "ఆరిందా పెద్దమ్మా?" అన్నాడు. ఆమె కళ్లు తెరవలేదు. ముందు పచ్చిక మీద వేలు పెట్టి చూశాడు. ఆరింది. ఆ తర్వాతే ఆమె భుజం తట్టాడు.

పాత తోటకు అప్పటికే కంచె పడింది. గనిగుంటల అవతల, తెలిసినవాళ్లెవరూ లేని రాళ్ల నేలలో ఆమెను పూడ్చారు. ఎండ ఎక్కువగా ఉందని పాస్టరు ప్రార్థన కుదించాడు.

పలకముక్కల్ని అశోక్ బ్లేడుతో గీకి చూశాడు. ఊడలేదు. "ముసల్ది చచ్చి సాధించింది" అని విసుక్కుని, పెట్టె అట్లాగే పంపించేశాడు.

స్థలం చూడటానికి వచ్చిన ఒకాయన అద్దం మీదికి వంగి, "ఇవేంది?" అని అడిగాడు.

"రాతి బల్లలు సార్" అన్నాడు ఆఫీసు కుర్రాడు, తడుముకోకుండా. "సాయంత్రం పూట మొగుడూ పెళ్లాం వచ్చి కూసోవచ్చు."

పచ్చరంగు పొట్టులో రెండు పలకముక్కలు, ఒకదాని పక్కన ఒకటి.