మేకలవాగు గట్టు ఎక్కడ

నిరోష నిజామాబాదులో ఒక సర్వే ఆఫీసులో ప్లాన్లు గీస్తుంది. ఎండాకాలం చివర్లో ఆమె గీసిన లేఔట్ ఒకటి చందూర్ దగ్గర ఆగిపోయింది. ఉమామహేష్ అనే రైతు తన చెరకు తోట తీసేసి ఇళ్ల ప్లాట్లు వేస్తున్నాడు. పక్కనే మేకలవాగు, దాని కింద చెరువు. చెరువులో చేపలు పట్టే సంఘం ఒప్పుకోవాలన్నారు అధికారులు. సంఘం పెద్ద గంగమణి మాత్రం కాగితం తిప్పి పంపింది. రాసినవాళ్లే వచ్చి చెప్పాలని కబురు పెట్టింది.

మర్నాడే నిరోష బస్సెక్కి వెళ్లింది. గంగమణికి యాభై దాటి ఉంటాయి. వల పక్కకు జరిపి, "సదువు బిడ్డా" అంది.

"ఇది బఫర్ అక్కా. వాగు పక్కన ఏం కట్టకుండ విడిచిపెట్టే జాగ."

"మంచిదే. ఏడికెల్లి కొలిసినవ్?"

"గట్టు అంచు నుంచి."

"గా అంచేదో సూపియ్యి, పా."

వాగు ఎండిపోయి ఉంది. నిరోష ఇసుక అంచున నిలబడి ఇదే గట్టు అంది. గంగమణి ఆమెను ఇంకా పైకి, ఒక తుమ్మచెట్టు దాకా నడిపించింది. నడుమెత్తు కొమ్మల్లో చెరకు ఆకు, ప్లాస్టిక్ కవర్లు చిక్కుకుని ఉన్నాయి.

"పోయిన వానకాలం నీళ్లు గీడిదాంక అచ్చినయి. మరి గట్టేది?"

నిరోష టేపుతో కొలిచింది. తను వాగు కోసం వదిలిన జాగా అంతా వాగులోనే ఉంది.

"గీ మాటేంది?" ప్లాన్ మీద ఇంకోచోట వేలు పెట్టింది గంగమణి.

"నీరు పారని పాత కాలువ. దీన్ని పూడ్చి పైపు వేస్తరు."

"తొలి వానకు చేపలు చెరువులకెల్లి ఎదురెక్కేది గీ పాయలనే బిడ్డా. పైన గడ్డిల గుడ్లు వెడతయి. పైపు ఏస్తే ఏడికి పోవాలె?"

నిరోష ముఖం చిన్నబోయింది. ఎండకు జడిసి, పాత నక్షా ముందేసుకుని ఆఫీసులోనే రాసిన మాట అది.

"నేను చూడకుండనే రాసిన అక్కా."

"ఇప్పుడు సూసినవ్ గద. మల్ల రాయి."

ఉమామహేష్‌కు గట్టు, పాయ సంగతి నిరోష చెబితే రుచించలేదు. "బఫర్ గీత అంత జరిపితే ఆరు ప్లాట్లు పోతాయమ్మా. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. ఆ పాయలో చేపలెక్కడం ఎప్పుడూ చూళ్లేదు."

నిరోష మాత్రం, "ఒక్క వాన పడేదాక ఆగండి సార్. అప్పటికీ మార్చొద్దనిపిస్తే ఇంకొకరితో గీయించుకోండి" అంది.

జూన్ రెండో వారంలో వాన దంచి కొట్టింది. పొద్దున్నే గంగమణి ఫోన్ చేసి ఇద్దరినీ రమ్మంది. పాయ నిండా ఎర్ర నీళ్లు. వాటికి ఎదురుగా పరకలు, జెల్లలు గుంపులు గుంపులుగా ఎక్కుతున్నాయి. రాయి అడ్డమొస్తే ఎగిరి పడి, వెనక్కి కొట్టుకుపోయి, మళ్లీ ఎగురుతున్నాయి. పన్నెండో ప్లాటు హద్దురాయి నీళ్లలో మునిగిపోయింది.

ఉమామహేష్ ప్యాంటు మడిచి ఆ రాయి దాకా నడిచాడు.

"ఇది ఎవరికైనా అమ్మి ఉంటే, ఈ నీళ్లు వాళ్ల వంటింట్లో ఉండేవి" అన్నాడు. "పైపు బదులు ఏం కట్టాలమ్మా?"

"వెడల్పు మోరి కట్టాలె సార్, చిన్న వంతెన లెక్క," అంది నిరోష. " కింద సిమెంటు పోయకుండ, ఇసుక ఇసుక లెక్కనే ఉంచాలె."

"వానలు తగ్గేదాంక మట్టి తవ్వకుండ్రి," అంది గంగమణి. "బురద దిగితే గుడ్లు సస్తయి."

నిరోష ప్లాన్ మళ్లీ గీసింది. ఈసారి కింద ఒక మూల మాటలకు అర్థాలు కూడా తెలుగులో రాసింది. 'గట్టు: పెద్ద వానకు నీళ్లు ఎక్కిన చోటు. బఫర్: గట్టు దాటాక చెట్టూ గడ్డీ కదపకుండా వాగుకు విడిచిన జాగా. పాయ: ఏడాదిలో కొన్నాళ్లే పారినా వాగులో భాగం.' గంగమణి మనవరాలితో రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది. ఆరు ప్లాట్లూ పోయాయి. ఆ జాగాలో ఉమామహేష్ కానుగ మొక్కలు నాటించాడు.

దసరా ముందు రెంజల్ నుంచి ఇంకో లేఔట్ పని నిరోష బల్ల మీదికి వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చోబోయి ఆగి, ఆ ఊరికి ఫోన్ చేసింది.

"అన్నా, మీ వాగుల చేపలు పట్టేటోళ్లు ఎవరు? ఒకసారి వచ్చి కలుస్త."