ముందు బండి

నేను ఒక ముసలి వ్యాన్‌ని. నాకున్న భయం ఒక్కటే, అది ముందే చెప్పేస్తాను. నా లోపల ఒక మనిషి ఉండి, ఆ సంగతి బయట ఎవరికీ తెలియకపోవడం. తుప్పంటే భయం లేదు, గుంతలంటే లేదు. ఘాట్ రోడ్డు మలుపులంటే మొదట్లో ఉండేది గానీ అలవాటైపోయింది. ఇది మాత్రం అలవాటు కాలేదు.

నా ఒళ్లు తయారైంది విజయవాడ ఆటోనగర్‌లో. రేకు కొట్టినవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. ఇంట్లో ఏదో తగాదా వచ్చి మాటలు మానేసి ఉన్నారు. అన్న కుడివైపు కొట్టాడు, తమ్ముడు ఎడమవైపు కొట్టాడు, ఒకరి కొలత ఒకరు అడగలేదు. అందుకే నేను పుట్టుకతోనే కాస్త ఒక పక్కకి ఒరిగి ఉంటాను. మనుషుల కోపాలు ఎక్కడెక్కడికి పోయి తేలతాయో!

మొదట నన్ను ఒక చిన్న బడివాళ్లు కొన్నారు. పసుపు రంగు వేశారు. పిల్లలు నా సీట్ల కింద పల్లీలు దాచుకునేవారు, కిటికీలకి చీమిడి పూసేవారు. నాకు ఆ రోజులే బాగుండేవి. ఒకనాడు ఎల్‌కేజీ పాప ఒకతె వెనక సీటు మీద నిద్రపోయింది. డ్రైవరు చూసుకోలేదు. అద్దాలెత్తి, తాళం వేసి భోజనానికి పోయాడు. ఎండ నడినెత్తికొచ్చింది. పాప లేచి, ఏడ్చి, అద్దం మీద అరచేతులతో కొట్టింది. ఎంతసేపు కొట్టిందో నన్నడగకండి. దారిన పోయే జామకాయల ఆమె విని, రాయి తీసుకుని అద్దం పగలగొట్టింది. పాప బతికింది. బడివాళ్లు మాత్రం నా రంగు వెలిసిపోయిందని చెప్పి నన్ను అమ్మేశారు.

ఆ తర్వాత కొన్నాళ్లు పెళ్లి బ్యాండువాళ్ల దగ్గరున్నాను. శ్రుతి తప్పింది నువ్వంటే నువ్వని దారి పొడుగునా దెబ్బలాడుకునేవారు, పందిట్లోకి దిగగానే నవ్వుతూ వాయించేవారు. వాళ్ల దగ్గర్నుంచి నన్ను కొన్నవాడు కాసుబాబు. గోకవరం వైపు మనిషి. తేనెటీగల్ని పెంచేవాడు.

తేనెటీగల పనివాళ్లకి సొంతూరంటూ ఒకటున్నా, ఏడాదిలో ఎక్కువ నెలలు పూత వెంటే తిరగాలి. ఎక్కడ పూలు పూస్తే అక్కడికి పెట్టెలు మోసుకుపోవాలి. సత్తుపల్లి దగ్గర జామాయిల్ తోటలు పూస్తే అక్కడ. కోవెలకుంట్ల వైపు పొద్దుతిరుగుడు పూస్తే అక్కడ. అదయ్యాక మెట్‌పల్లి నువ్వుల చేలు. కాసుబాబు నా సీట్లన్నీ పీకేసి చెక్క మంచం బిగించాడు, గ్యాస్ పొయ్యి పెట్టాడు, దోమతెర కట్టాడు. నేను ఇల్లయ్యాను. ఆ ఇంటికి ఇల్లాలు నూకరత్నం.

ఆమెకి బండి నేర్పింది అతనే, గోదావరి ఇసకలో.

"ఒసే రత్నం, స్టీరింగు అలా పిండి పిసికినట్టు పిసక్కే. దోశ తిప్పినట్టు తిప్పాలి."

"దోశా నేనే వెయ్యాలి, బండీ నేనే తోలాలి. మరి మీరేం చేత్తారండీ?"

"నేనా? తింటాను. ఎనకాల వత్తాను."

సరదాకన్నాడు గానీ, వాళ్ల పద్ధతి నిజంగానే అది. నూకరత్నం నన్ను తోలుకుని పగలే ముందు చేరేది. నీళ్లు పట్టేది, నీడ చూసేది. పెట్టె దించాల్సిన ప్రతి చోటా గట్టు మీద ముగ్గుపిండితో ఒక్కో చుక్క పెట్టేది. ఈగలన్నీ గూటికి చేరాక గానీ పెట్టెలు కదపకూడదు కాబట్టి కాసుబాబు పెట్టెల లారీతో పొద్దుగూకాక బయల్దేరి వెనకాల వచ్చేవాడు. కూలీలు ఆ తెల్ల చుక్కల మీద పెట్టెలు దించేవారు. నేను ముందు బండిని. నేను కనిపిస్తే చాలు, పెట్టెలు వచ్చేస్తున్నాయని ఆ ఊళ్లవాళ్లకి గుర్తు.

పోయిన శ్రావణంలో కాసుబాబు ఇంటి అరుగు మీద టీ తాగుతూ అలా పక్కకి ఒరిగిపోయాడు. గ్లాసు కింద పడలేదు, చేతిలోనే ఉంది. కర్మకాండలయ్యాక ఆడమనిషి ఒక్కతే ఏం చూసుకుంటుందని పెట్టెలన్నీ మరిది తోలుకుపోయాడు. ఆమె కూడా కాదనలేదు. నన్ను దొడ్లో నిలబెట్టారు. కోళ్లు నా మీద ఎక్కి కూర్చునేవి. కార్తీకం దాటాక ఒక ఉదయం నూకరత్నం నన్ను తుడిచి, మంచం దులిపి, షుగరు మాత్రల డబ్బా, స్టవ్వు, ముగ్గుపిండి సంచీ లోపల పెట్టింది. ఎక్కడికని మరిది అడిగాడు. "అమ్మేద్దామని" అంది. అమ్మే దారి వదిలేసి సత్తుపల్లి దారి పట్టింది.

ఎందుకు బయల్దేరిందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఇంట్లో అతను లేడు గానీ, ఆ చోట్లలో ఇంకా ఉన్నాడనుకుందేమో. జామాయిల్ తోటల దగ్గర టీకొట్టు ఎల్లమ్మ నన్ను చూడగానే చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఏందమ్మా, నువ్వొక్కదానివే? అన్న రాలే?"

నూకరత్నం నోరు తెరిచింది. ఏం వస్తుందోనని నేనూ చూశాను.

"ఎనకాల వత్తన్నాడు."

అబద్ధమాడాలని అనలేదు ఆమె. ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నకి ఆ జవాబే చెప్పింది, నాలుక దానంతటదే తిరిగింది. కానీ ఎల్లమ్మ ఇంకో గ్లాసు కడిగి పక్కన బోర్లించి పెట్టింది చూశారూ, అప్పుడైనా దిద్దుకుని ఉండాల్సింది. దిద్దుకోలేదు. ఆ రెండు రోజులూ ఆమె ముఖంలో వెలుగుంది. కాసుబాబు నిజంగానే లారీలో ఎక్కడో దారిలో ఉన్నాడన్నట్టు కూర వండింది. మూడో రోజు చెప్పకుండా బయల్దేరింది.

కోవెలకుంట్ల దగ్గర మద్దిలేటి చేను మాకు పాత చుట్టం లాంటిది. చేరేసరికి పొద్దుతిరుగుడు అప్పుడప్పుడే విచ్చుకుంటోంది. చేనంతా పసుపు. నన్ను ఎప్పటి చోటే నిలిపి, దిగి, ముగ్గుపిండి తీసింది నూకరత్నం. ఏం చేస్తోందో తనకే తెలియదు. గట్టు పొడుగునా చుక్క, చుక్క, చుక్క. వెనక్కి తిరిగేసరికి మద్దిలేటి నిలబడి ఉన్నాడు. ముఖమంతా నవ్వు.

"వస్తిరా వదినా! ఈసారి రారేమో అనుకుంటాంటి. పెట్టెలు రాకుంటే గింజ యాడ కడతాది, అంతా తాలే. అన్న యాడ?"

ఆమె చేతిలో ముగ్గుపిండి. కాళ్ల దగ్గర చుక్కలు. ఇంకేం చెబుతుంది?

"ఎనకాల వత్తన్నాడు తమ్ముడూ."

ఎల్లమ్మ దగ్గర ఆ మాటకి ఒక గ్లాసు ఖాళీగా మిగిలింది, అంతే. ఇక్కడ అలా కాదు. తేనెటీగలు వస్తున్నాయంటే రైతు పురుగుమందు కొట్టడు. కొడితే ఈగలన్నీ చస్తాయి. మద్దిలేటి అప్పటికప్పుడే పక్క చేలవాళ్ల దగ్గరికి పోయి, మా అన్న పెట్టెలొస్తాండాయి, మీరూ మందు ఆపండని చెప్పి వచ్చాడు.

మర్నాడు లారీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అన్న ఫోను కలవడం లేదన్నాడు మద్దిలేటి. దారిలో సిగ్నలుండదంది నూకరత్నం. పూల తలల్లో పచ్చ పురుగు కనబడింది. పక్క చేనాయన గట్టు మీద నిలబడి వెటకారమాడాడు.

"ఏం మద్దిలేటీ, మీ తేనె అన్న యాడన్నా పెండ్లికి పోయినాడా? భోంచేసి వస్తాడులే!"

ఆ సాయంత్రం నా పక్కనే మద్దిలేటి, అతని భార్య ఓబులమ్మ మాటామాటా అనుకున్నారు.

"పురుగు తలకాయల్ని తినేస్తాంటే చూసుకుంటా నిలబడతావా? మందు కొట్టు."

"కొడితే అన్న ఈగలు చస్తాయి."

"యాడుండాయి ఈగలు? ముగ్గుచుక్కలుండాయి."

"వదిన చెప్పింది గదా వస్తాండాడని. ఆయమ్మ ఎన్నడన్నా తప్పు చెప్పిందా?"

లోపల మంచం మీద కూర్చుని నూకరత్నం అంతా విన్నది. మధ్యలో నా రేకు ఒక్కటే ఉంది. లేచి తలుపు తీసి ఒక్క మాట అనేస్తే అయిపోయేది. గడియ మీద చెయ్యి వేసింది, తీసేసింది. చెబితే కాసుబాబు ఇక్కడ కూడా పోతాడు. అదీ ఆమె బాధ. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. హారన్ మోగిద్దామంటే అది ఎప్పుడో పాడైంది.

తెల్లారాక ఆమె కాసుబాబు పాత పంచె చింపి చేతికి చుట్టుకుని చేలోకి దిగింది. పెట్టెలు లేనప్పుడు మెత్తటి గుడ్డతో పువ్వు పువ్వునీ రుద్దితే ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అంటి గింజ కడుతుంది. ఈగలు ఆడుతూ పాడుతూ చేసే పని, మనిషి చేస్తే నడుం విరుగుతుంది. ఒక్కో తలనీ బిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచింది. రుద్దుతూ దొరికిన పురుగునల్లా ఏరి నలిపేసింది. జుట్టంతా పసుపు. తుమ్ములు. ఎండ ముదిరితే వచ్చి పడుకునేది, మర్నాడు మళ్లీ దిగేది. ఎంత చేసినా అంత చేనుకి ఆమె చేసింది ఒక మూల. తినడం మరిచిపోయేది, మాత్ర మాత్రం మింగేది.

"ఏంది వదినా ఈ పని?" అని మద్దిలేటి అడిగితే, "ఖాళీగా ఉండలేక" అంది.

ఒకరోజు చేలోంచి వచ్చి తలుపు వేసుకుని మంచం మీద వాలింది. ఒంటి నిండా చెమట, చేతులు వణుకు. షుగరు పడిపోతోందని నాకు తెలుస్తోంది. బయట ఎండ. చేలో ఎవరూ లేరు. నా రేకులు కాలుతున్నాయి. ఇన్నేళ్లూ నేను దేనికి భయపడ్డానో అదే నా కడుపులో జరుగుతోంది. నేనేం చేయగలను? నాకు చక్రాలున్నాయి గానీ కాళ్లు లేవు.

ఆ పూట ఓబులమ్మ సంగటి ముద్ద తీసుకుని వచ్చింది. తట్టింది. "వదినా... ఓ వదినా!" పలుకు లేదు. వాళ్లాయన మీద ఎంత కోపంగా ఉందో ఆ కోపంతోనే తలుపు తోసింది. చూసి కేక పెట్టి గిన్నె కింద పడేసింది. బెల్లం కలిపిన నీళ్లు గొంతులో పోసి, తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి నూకరత్నం కళ్లు తెరిచింది.

"ఆయన రాడు ఓబులమ్మా. శ్రావణంలోనే ముందెళ్లిపోయాడు. నేనే ఎనకాల ఉండిపోయాను."

ఓబులమ్మ కేక విని మద్దిలేటి పరుగెత్తుకొచ్చాడు. విషయం విన్నాడు. తిడతాడనుకున్నాను. నా మెట్టు మీద కూర్చున్నాడు.

"ముందే ఒక్క మాట చెప్పింటే మందు కొట్టుకునింటా వదినా. అన్న కోసరం ఏడ్చీ ఉంటా. రెండూ లేకుండ చేస్తివి."

అతను లేచి పోయి అదే సాయంత్రం మందు కొట్టాడు. పక్కవాళ్లూ కొట్టారు. అప్పటికే ఆలస్యమైంది. కోతకొచ్చేసరికి చేలో సగం తలలు డొల్ల. నూకరత్నం రుద్దిన మూలలో మాత్రం గింజ నిండుగా కట్టింది. ఓబులమ్మ ఒక తల తెచ్చి చూపించబోతే, ఆమె ముఖం తిప్పేసుకుంది. ఆ మూల చూసి ఊరడిల్లే మనిషి కాదు. మిగిలిన చేనంతా కళ్ల ముందే ఉంది.

కోతలయ్యేదాకా వాళ్లతో పాటు పని చేసింది. బయల్దేరదామని తాళం తిప్పితే నా ఇంజను పట్టేసింది. మెకానిక్కు చూసి, దీన్ని ఇక ఇక్కడే పూడ్చిపెట్టండన్నాడు. మనుషులకి మాత్రం అంత సూటిగా చెప్పరు. నూకరత్నం గుడ్డల సంచీ సర్దుకుంది.

"ఇంటికేనా వదినా?" అని అడిగింది ఓబులమ్మ.

"మెట్‌పల్లి. నువ్వుల చేలు పూతకొచ్చేత్తాయి. అక్కడా ఆయన కోసం చూత్తుంటారు. సత్తుపల్లిలో ఎల్లమ్మకీ చెప్పాలి. ఈసారైనా నిజం చెప్పాలి కదా."

"ఒక్కదానివే పోతావా? తిండి మరిచిపోతావు. రెండు దినాలుండు, ఈయన తోడొస్తాడు."

"ఆయనకి నా మొహం చూడ్డం కట్టంగా ఉంది ఓబులమ్మా. నాకు తెల్సు."

నా తలుపు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత రోడ్డెక్కి బస్సు ఆపింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను వదిలి వెళ్లడం అదే మొదలు.

ఇప్పుడు నేను మద్దిలేటి చేనికి కాపలా గదిని. నాలో ఎరువు బస్తాలున్నాయి. ఓబులమ్మ ఆమెకి చాలాసార్లు ఫోను చేసింది. స్విచ్చాఫ్ వచ్చింది. తర్వాత కలుపులొచ్చాయి, పిల్లకి జ్వరమొచ్చింది, చేయడం తగ్గింది. మద్దిలేటి అప్పుడప్పుడు వచ్చి నా మెట్టు మీద కూర్చుంటాడు. ఒకసారి ఫోను తీసి ఆమె పేరు దాకా వెళ్లి, లోపల పెట్టేశాడు. ఆ రోజు తోడు వెళ్లి ఉండాల్సిందని అతనికీ ఉంది. ఎవరికీ చెప్పడు.

మెట్‌పల్లి చేరిందో లేదో నాకు తెలియదు. చేరితే ఎవరింట్లో దిగిందో, నిజం చెప్పగలిగిందో, లేక మళ్లీ నాలుక పాత మాటే పలికిందో తెలియదు. నేను కదలలేను. మీరు కదలగలరు. ఆ వైపు వెళ్తే నూకరత్నం అనే ఆమె ఎక్కడుందని అడగండి. పొట్టిగా ఉంటుంది, గోదావరి యాస, త్వరత్వరగా మాట్లాడుతుంది. చిన్న గది ఏదైనా అద్దెకి తీసుకుని ఉంటుంది. కనబడితే ముందు అన్నం తిన్నావా అని అడగండి, మిగతావన్నీ తర్వాత. పగటిపూట తలుపు వేసి ఉంటే పడుకుందిలే అనుకుని వచ్చేయకండి. తట్టండి. పలక్కపోతే తోసుకుని లోపలికి వెళ్లండి. ఏమీ అనుకోదు.