నా చేతిలో లోపం

కారు తుడిచేది నేనే. మా కొత్తచెరువులో కొళాయి నీళ్లు ఏ రోజు వదులుతారో ఎవరికీ తెలియదు కాబట్టి కడగడం కుదరదు. బట్టలు జాడించిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, అద్దాలూ తలుపులూ తుడుస్తాను. ఆ రెండో శనివారం పొద్దున కూడా ఉగ్గాని చేసి అత్తకు పెట్టి, మిరపకాయ బజ్జీల మూకుడు తోమి, కారు తుడిచి, చీర మార్చుకొని వచ్చి కూర్చున్నాను. తాళంచెవి తిప్పినాను.

సెల్ఫ్ తిరిగింది. బలంగానే తిరిగింది. ఇంజను మాత్రం అందుకోలేదు. మళ్లీ తిప్పినాను. కర్రుకర్రుమని అదే సద్దు. ఎదురింటి పాపన్న పేపరు దించి నా వైపు చూసినాడు. నాకు చెవులు వేడెక్కినాయి.

ఇది మొదటిసారి అయితే ఇంత సిగ్గు ఉండకపోవును. ఏడాదిగా ఇదే తంతు. నేను తిప్పితే పలకదు. మా ఆయన శ్రీకాంత్ ధర్మవరంలో పట్టుచీరల అంగడి నుంచి సాయంత్రం వస్తాడు, సీటు వెనక్కి జరుపుకుంటాడు, "కాలు యాడ పెట్టినావు? మళ్లీ పెట్రోలు ఎక్కువ తొక్కింటావు," అంటా పెడళ్ల దగ్గరికి వంగి ఏదో సర్దుతాడు, తాళం తిప్పుతాడు. ఒక్క దెబ్బకు స్టార్టవుతుంది. అప్పుడు నా వైపు చూసి నవ్వుతాడు. కోపంగా కాదు, జాలిగా. "బండిలో ఏం లేదు జ్యోతీ. నీ చేతిలోనే ఏదో లోపం ఉండాది." మెకానిక్‌కు చూపిద్దామంటే, "వాడు నవ్వుతాడు. బాగుండే బండిని తీసుకొని పోయి ఏమని చెప్తావు?" అంటాడు. మా అత్త నాగలక్ష్మమ్మ గడప మీద కూర్చొని, "వాడు తిప్పితే పలుకుతాది, నువ్వు తిప్పితే ఏడుస్తాది. నీకెందుకమ్మా ఈ అగచాట్లు," అంటుంది. పాపన్నయితే ఒకసారి వీధిలో అందరూ వినేటట్లే అన్నాడు: "పిల్లోల్లకు లెక్కలు చెప్పినంత సులువు కాదు మేడం."

హైస్కూల్లో లెక్కలు చెప్తాను నేను. తప్పు వచ్చిన చోటు పట్టుకోవడం నా పని. ఈ కారు విషయంలో మాత్రం తప్పు ఎక్కడుందో వెతకాలని కూడా నాకు తోచలేదు. నాలో ఉందని ముందే ఒప్పుకున్నాను. నడవలో ఎవరూ లేనప్పుడు తాళం తిప్పే చేతిని చూసుకునేదాన్ని. ఎక్కువ తిప్పుతున్నానా, తక్కువ తిప్పుతున్నానా అని గాలిలో తిప్పి చూసుకునేదాన్ని. పోయిన ఏడు మా చెల్లెలు రేఖకు కడుపు పోయిన రోజు కూడా ఇట్లాగే అయింది. అనంతపురం ఆసుపత్రి నుంచి ఫోను చేసి ఏడుస్తాంటే, వస్తాండానని చెప్పి వచ్చి కూర్చున్నాను. చెమటతో రవిక వీపుకు అంటుకుపోయేదాకా తిప్పినాను. పలకలేదు. బస్సులో పోవచ్చు. గంటకో బస్సుంది. కానీ ఈయన ఫోనులో, "ఇంట్లో కారు పెట్టుకొని బస్సులో పోతావా? రేపు నేను తీసుకొని పోతా," అన్నాడు. వీధంతా చూస్తాంది. నేను ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆ రోజు రేఖ దగ్గర ఎవరూ లేరు. అది నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండును.

ఇప్పుడు మళ్లీ దానికి నెల తప్పింది. ఈ రోజు మధ్యాహ్నం స్కానింగు. భయపడతాంది. "ఈసారన్నా వస్తావా అక్కా," అని అడిగింది. ఈయన నిన్ననే బెంగుళూరు పోయినాడు. పోతా, "నేను వచ్చినాక ఇద్దరం పోయి చూసొద్దాంలే," అన్నాడు. సరే అన్నాను గానీ, మనసులో అప్పుడే పోవాలని అనుకున్నాను.

కారు దిగినాను. పాపన్న ముందు నుంచే నడిచి, బుక్కపట్నం రోడ్డులో తిప్పేష్ షెడ్డుకు పోయినాను. మా కారు సర్వీసింగు చేసేది అతనే. ఏమని చెప్పాలో దారి పొడుగునా అనుకుంటా పోయినాను. చివరికి, "నేను తిప్పితే స్టార్ట్ కావడం లేదప్పా. నా తప్పేమో," అన్నాను. అతను నవ్వలేదు. పనిముట్ల సంచి మోపెడ్‌కు తగిలించుకొని వచ్చినాడు.

"ఒకసారి సెల్ఫ్ కొట్టండి మేడం."

కొట్టినాను.

"బ్యాటరీ గట్టిగా ఉండాది. సెల్ఫ్ బాగా తిరుగుతాంది. అంటే ఇంజనుకు రెండిట్లో ఒకటి అందడం లేదు. నిప్పన్నా అందలేదు, పెట్రోలన్నా అందలేదు." బానెట్ ఎత్తి ఒక ప్లగ్గు విప్పి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసినాడు. నా వైపు చాపినాడు. "చూడండి, పొడిగా ఉండాది."

"నేను పెట్రోలు ఎక్కువ తొక్కినానేమో."

"తొక్కింటే ఇది తడిసిపోయి ఉండల్ల కదా మేడం. మీరు తొక్కినా తొక్కకున్నా ఒకటే. పెట్రోలే రాలేదు."

ఆ ప్లగ్గును చేతిలోకి తీసుకొని చూసినాను. పొడిగా ఉంది. వేలితో రుద్ది చూసినాను. తడి అంటలేదు.

తాళం సగం తిప్పి పెట్టమన్నాడు. వెనక తలుపు తీసి, సీటుకు చెవి ఆనించి విన్నాడు. "పెట్రోలు పంపు సద్దు లేదు," అని తనలో తాను అనుకున్నాడు. అంతలోనే ముఖం తేటపడింది. ముందు తలుపు దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చొని, స్టీరింగు కింద లోపలికంటా చేయి పోనిచ్చినాడు. టిక్కుమంది. వెనక సీటు కింద ఏదో సన్నగా జుమ్మని, ఆగిపోయింది.

"ఇప్పుడు తిప్పండి."

ఒక్క దెబ్బకు స్టార్టయింది.

"అన్న ఆఫ్ చేసి పోయినట్లుండాడు," అన్నాడు తిప్పేష్ చేతులు తుడుచుకుంటా. "దొంగల భయమని నాతోనే పెట్టిచ్చినాడు కదా ఈ స్విచ్చి. ఇది ఆఫ్ చేస్తే పంపు పని చెయ్యదు. ఎవడెంత తిప్పినా పోదు. మీకు చెప్పినాడు కదా మేడం?"

అడిగి నా ముఖం వైపు చూసినాడు. అతని కళ్లలో మెల్లగా ఏదో అనుమానం లేస్తాంది. అప్పుడు నేను చేసిన పనిని ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నా మొగుడు నాకు తెలియకుండా, నా జీతంతో, నా పేరు మీద కొన్న బండికి స్విచ్చి పెట్టినాడని, ఇంతకాలం నేను చెమటలు కక్కుతా తిప్పుతాంటే చూస్తా ఉన్నాడని ఈ మనిషికి తెలిసిపోతుందేమో అన్నదొక్కటే నాకు కనిపించింది. తప్పు చేసింది ఆయన. చీర చెంగు కప్పుకొని దాక్కోవాలని నాకు అనిపించింది.

"చెప్పినాడప్పా. నేనే మరిచిపోయినా," అన్నాను. నవ్వినాను కూడా.

"అందరూ మరిచిపోతారు మేడం," అని అతను పోయినాడు.

ఊరు దాటి, ఎండిపోయిన శెనక్కాయ చేల మధ్య రోడ్డు పక్కన కారు ఆపినాను. స్టీరింగు కింద చేయి పెట్టి వెతికినాను. వేలికి తగిలింది, బటానీ గింజంత. ప్రతి వారం ఆ డ్యాష్‌బోర్డు తుడిచేది నేను, ఆ పెడళ్ల కింద మన్ను దులిపేది నేను. పైకంటా చేయి పెట్టాలని ఎందుకు తోస్తుంది? ఆఫ్ చేసి తాళం తిప్పినాను. పలకలేదు. ఆన్ చేసి తిప్పినాను. పలికింది. మళ్లీ ఆఫ్. మళ్లీ ఆన్. చిన్నపిల్ల మాదిరి అట్లా చేస్తానే ఉన్నాను. బడికి పోయే రోజు ఈ బండి ఏనాడూ మొండికెయ్యలేదు. ఆదివారం మొండికేసింది. మా బడిలో సువర్ణ మేడం గృహప్రవేశానికి మొండికేసింది. సెలవుల్లో రేఖ ఆసుపత్రిలో ఉన్న రోజు మొండికేసింది. పదో తరగతి పిల్లలు కూడా పట్టుకునే లెక్క ఇది. నేను పట్టుకోలేదు. అది తలుచుకుంటే ఆయన మీద కోపం కన్నా ముందు నా మీద నాకే సిగ్గేసింది.

రేఖ స్కానింగు బాగా వచ్చింది. డాక్టరమ్మ గుండె కొట్టుకునే సద్దు వినిపిస్తే, అది నా చేయి పట్టుకొని వదల్లేదు. బయటికి వచ్చినాక, "బండి బాగైందా అక్కా," అని అడిగింది. "బాగైంది," అన్నాను. తిప్పేష్‌తో చెప్పిన అబద్ధం కన్నా ఇదింకా సులువుగా వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతాంది. అత్త గడప మీద చేటలో బియ్యం ఏరుకుంటా ఉంది. "ఎట్ల పోయినావు?" అంది. కారులోనే అన్నాను. చేటలో చేయి ఆగింది. నా ముఖంలోకి చూసి, మళ్లీ బియ్యంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగింది: "కనుక్కున్నావా?"

ఆమెకూ తెలుసన్నమాట.

"మీ మామ సంతకు పోతే బయట గడియ పెట్టి పోయేవాడు," అంది అత్త. "వీడు చదువుకున్నోడు కదా."

ఎగతాళిగా అందో, కొడుకును వెనకేసుకొచ్చిందో నాకు తెలియలేదు. బహుశా ఆమెకూ తెలియదేమో. చేట తీసుకొని లోపలికి పోయింది.

దీపాలు పెట్టే వేళకు ఈయన వచ్చినాడు. కారు నిలబెట్టిన తీరు మారిందని వాకిట్లోనే చూసినట్లున్నాడు. చెప్పులు విప్పకుండానే అడిగినాడు.

"యాడికన్నా పోయినావా?"

"రేఖ దగ్గరికి. తిప్పేష్ వచ్చి స్విచ్చి వేసినాడు."

సంచి కింద పెట్టి, "నీ మంచికే జ్యోతీ. ఆ సువర్ణ మేడంతో అనంతపురం పోయి పొద్దుగూకినాక వచ్చినావు, గుర్తుండాదా? అంగట్లో నలుగురు నాలుగు మాటలు అడిగినారు. ఒక్కదానివే అంత దూరం పోతే, దారిలో ఏమన్నా అయితే?" అన్నాడు.

"పోవద్దని నోటితో చెప్పింటే కొట్లాడేదాన్ని," అన్నాను. "కొట్లాటకైనా నేను ఉంటాంటి. మీరు నా చేతిలో లోపం ఉండాదన్నారు. నేను నమ్మినాను. వీధిలో అందరూ నవ్వుతాంటే నేను సిగ్గుతో చస్తాంటి, మీరు చూస్తా నిలబడినారు."

నా గొంతు లేవలేదు. ఆయన తల వంచుకున్నాడు. తప్పయిందని అంటాడేమో అనుకున్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను. ఆ మాట కోసం కాసేపు ఎదురు చూసినాను.

"తిప్పేష్‌కు ఏం చెప్పినావు?" అన్నాడు. "వాని నోట్లో పడితే బజారంతా తెలుస్తాది."

"మీరు నాకు ముందే చెప్పినారని చెప్పినా. నేనే మరిచిపోయినానని."

ఆయన ఊపిరి వదిలినాడు. భుజాలు కిందికి దిగినాయి. "మంచి పని చేసినావు," అని, చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కోవడానికి చెంబు కోసం చూసినాడు. ఆ చెంబు రోజూ నేనే అందిస్తాను.

నేను అందివ్వలేదు. ఫోను తీసి, ఆయన ఎదురుగానే తిప్పేష్‌కు చేసినాను.

"తిప్పేష్, పొద్దున నీకు అబద్ధం చెప్పినా. ఆ స్విచ్చి సంగతి నాకు ఈ రోజు దాకా తెలీదు. రేపు వచ్చి తీసేయప్పా." మా ఆయన వైపు చూస్తానే ఇంకో మాట అన్నాను: "ఎవరన్నా అడిగితే చెప్పు, దాచల్సిన పని లేదు."