కుక్కకు పూసిన తామర

అరబ్బు దేశంలోని అర్దియాలో సుధారాణి పనిచేసే ఇంటి యజమానురాలిని పనివాళ్లు మామా అంటారు. ఆ మామాకు కుక్క లూలూ అంటే ప్రాణం. దాని వీపు మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలి, అంచున పొట్టు లేచింది. "ఇస్త్రీపెట్టెతో కాల్చావు! ఖలాస్, నీ ఊరికి పో!" అని మామా అరిచింది.

ఆ జబ్బుకు అరబ్బీ మాట తెలియక సుధారాణి ఫోనులోని అనువాదం యాప్‌లో తెలుగులో మొత్తుకుంది. "నేను కాల్చలే మామా, కుక్కకు తామర వచ్చిండాది!"

ఫోను దాన్ని అరబ్బీలో వినిపించింది. మామా కుక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "పువ్వేదీ?" అంది.

ఆ ఇంట్లోనే పనిచేసే రాయచోటి డ్రైవరు మునాఫ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "సుధక్కా, నీ ఫోను తామర పువ్వు అనేసింది మా! ఉండు, నేను చెప్తా." అది చర్మానికి పట్టే బూజనీ, ముట్టుకుంటే మనుషులకూ అంటుకుంటుందనీ మామాకు చెప్పాడు.

"అబద్ధం! రోజూ ముద్దు పెట్టుకునే నాకు రాలేదే?"

సుధారాణి అద్దం తెచ్చి చూపించింది. మామా గడ్డం మీద, పౌడరు కింద, అచ్చం అలాంటి గుండ్రటి మచ్చ.

"దీన్ని కూడా నేనే కాల్చినానా మామా?"

ఈసారి ఫోను తప్పు లేకుండా చెప్పింది.

పశువుల డాక్టరు లూలూ వెంట్రుకలు పరీక్షించి, తామరేనని తేల్చి, మందు షాంపూ, పూత మందు ఇచ్చాడు. మామాను మాత్రం మనుషుల డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు.

సుధారాణి ఊరికి పోయే మాట మళ్లీ రాలేదు. సాయంత్రం చుట్టాలు వచ్చి, గడ్డం మీద అదేమిటని అడిగితే, మామా తడుముకోకుండా "పువ్వు" అంది.