తడి సున్నం సందు

సత్యకుమారి ఇంటర్ తప్పింది గానీ చదవడం మానలేదు. పాలకొల్లులో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అటెండరు. రెండువేల రెండు శ్రావణంలో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి, ఒక వ్యాసం ప్రింటు తీయించుకుని, అది నలిగి గుడ్డపేలిక అయ్యేదాకా చదివింది. వెంట్రుక మందంలో లక్షో వంతు వెడల్పున్న కార్బన్ గొట్టం. దాని గోడకి నీళ్లంటే గిట్టదు. అయినా కంప్యూటర్‌లో లెక్క కట్టి చూస్తే నీళ్లు దూరాయి. ఒక కణం వెనక ఒక కణం, వరసగా, మహా జోరుగా పోయాయి.

సోమవారం సైన్స్ సభలో దీని గురించి పది నిమిషాలు మాట్లాడి తీరాలని ఆమె పట్టు. లెక్చరర్ చంద్రరావు గారు కుదరదన్నారు. గ్రీజు పూసిన గాజు గొట్టంలోకి నీళ్లు ఎక్కవని రోజూ గొట్టాలు కడిగే నీకు తెలీదా అని అడిగారు. నవ్వులపాలవుతావన్నారు. అటెండరు స్టేజీ ఎక్కడమేంటన్న మాట పైకి అనలేదు గానీ, ఆమెకి వినపడింది.

ఆదివారం ఆయన కొత్తింటి గృహప్రవేశం. పిలవకపోయినా వడ్డనకి వెళ్లింది. కోపం కోపమే, పని పనే.

వంట పెరట్లో, పంక్తి వీధి వైపు. మధ్యలో మనిషిన్నర పట్టే సందు. నిన్నే రెండు గోడలకీ సున్నం కొట్టారు. ముసురుకి ఆరలేదు. అందరూ పట్టుబట్టల్లో ఉన్నారు. నిండు బకెట్లతో పోయేవాళ్లు, ఖాళీ బకెట్లతో వచ్చేవాళ్లు సందులో ఎదురుపడి గోడ తగలకుండా బిగుసుకుపోయారు. విస్తళ్లలో అన్నం చల్లారుతోంది, పప్పు రాలేదు. చంద్రరావు గారు కేకలేస్తున్నారు.

సత్యకుమారి సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడి చూసింది. ఒళ్లు జల్లుమంది. ఖాళీ బకెట్లు వీధి చుట్టూ తిరిగి రావాలనీ, సందులో పోవడమే తప్ప రావడం లేదనీ అక్కడికక్కడే హుకుం జారీ చేసింది. వంటమనిషి ముసలయ్య గొణిగాడు. అయినా కదిలారు. ఇక చూడాలి. ఆగుదామంటే ఆనుకోడానికి ఆరిన గోడ లేదు. ఒకరి వెనక ఒకరు జారిపోయారు. నిమిషంలో పప్పు పంక్తికి చేరింది.

ఆమె పరుగున సందు మొదట్లో ఉన్న చంద్రరావు గారి దగ్గరికెళ్లింది. "మాస్టారూ, అదేనండి నా గొట్టం. గోడ పట్టుకోదు, కాబట్టి ఆపదు."

"వాళ్లకి అవతల పంక్తి ఉంది, వెళ్తున్నారు. నీళ్లకి ఆ ఇరుకులో ఏం పనమ్మా? అది చెప్పు."

వారం రోజులుగా సత్యకుమారినీ నమిలేస్తున్న ప్రశ్న అదే. పెరటి వైపు తిరిగింది. అక్కడ పొయ్యి దగ్గర ఒక్కొక్కరు నలుగురితో ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరి మాటా ఎవరికీ సరిగ్గా అందట్లేదు.

"బయట నీటి కణానికి పక్క కణాలతో నాలుగు పట్లండి. అందులో కొన్ని వదులు. లోపల రెండే, ముందొకటి వెనకొకటి. కానీ రెండూ బిగువు. అందుకే దూరితే నష్టం మనమనుకున్నంత లేదు. మీ గ్రీజు గొట్టం దీని ముందు లారీలు తిరిగే రోడ్డు. దాంతో దీన్ని కొలవకండి."

చంద్రరావు గారు మజ్జిగ బకెట్టు ఎత్తుకుని స్వయంగా సందులో దూరారు. మధ్యలో ముందు మనిషి ఆగాడు, వరసంతా ఆగింది. అతను కదిలాడు, అంతా ఒక్కసారే కదిలింది. మజ్జిగ అవతల దింపి, వీధి చుట్టూ తిరిగి వచ్చారు. పట్టుపంచె తడిమి చూసుకున్నారు. ఒక్క మరక లేదు.

"ఆగితే అందరం ఆగాం, కదిలితే అందరం కదిలాం. నీళ్లూ ఇలాగేనా? నీ కాగితంలో ఉందా ఇది?"

"మూడో పేజీలో ఉందండి. విడతలు విడతలుగా పోతాయి."

"రేపు పొద్దున్నే పట్రా. చదువుతాను. సభలో మొదటి పావుగంట నీది. ఆ ఇరుకులో పనేంటన్న ప్రశ్న అందరి ముందూ మళ్లీ అడుగుతాను, వదలను."

"అడగండి, మాస్టారూ. అడక్కపోతే నేనే అడిగిస్తాను."

ఆ సంబరంలో, వెనక ఏముందో చూడకుండా జారబడింది. ముసలయ్య గరిటె ఆపి నవ్వాడు.

"ఇంతమంది తప్పించుకున్నారు, అమ్మాయ్. గోడకి నువ్వొక్కదానివే దొరికావు."

వీపంతా తెల్లగా, సత్యకుమారి మళ్లీ సాంబారు బకెట్టు ఎత్తుకుంది.