అయిదో పేజీలో కుక్క

"వద్దు అని నొక్కానమ్మా! నొక్కితే ఇంకో పేజీ వచ్చింది. అక్కడా వద్దన్నాను. ఇంకోటి! విసుగొచ్చి కంప్యూటర్ కట్టేశాను. చూస్తే కార్డులో డబ్బు పోయింది, పాఠాలు మాత్రం రాలేదు. దొంగలని బ్యాంకుకు ఫిర్యాదు చేశాను!"

"మంచి పని చేశారు," అంది మార్వా, ఫోన్లో పాఠాలు కొన్న ఆ మనిషితో.

నోరు జారిందని తెలుసు. దిద్దుకునే ఓపిక లేదు. పెట్టేసిన ఫోన్ మళ్ళీ మోగింది. మోగనిచ్చింది.

నాంపా ఊళ్ళో తమ్ముడు రాండెల్ ఇంటి గరాజే వాళ్ళ ఆఫీసు. కుక్కలకు బుద్ధులు నేర్పే వీడియో పాఠాలు అమ్ముతారు. కుక్కలతో మాట్లాడేది యజమాని రాండెల్, మనుషులతో మాట్లాడేది మార్వా. రెండో పనే కష్టమని ఆమె ఎప్పుడో తేల్చుకుంది.

బల్లమీద రాండెల్ సెల్‌ఫోన్ స్పీకర్లో ఉంది. అవతల ఇనెస్, వాళ్ళ కార్డు చెల్లింపులు నడిపే కంపెనీ అధికారిణి.

"ఫిర్యాదులు హద్దు దాటాయి. సరైన జవాబు రాకపోతే ఈ కాల్ అయ్యేలోపు మీ ఖాతా మూసేస్తాను. ఆ తర్వాత ఇంకే కంపెనీ కూడా మిమ్మల్ని చేర్చుకోదు. మీకు తెలుసుగా?"

తెలుసు. కార్డు తీసుకోలేని దుకాణం ఆ రోజే మూతపడుతుంది. మార్వాకు వేరే జీతం లేదు.

"పాఠాలు కొన్నాక ఎన్ని ఆఫర్లు అంటగడుతున్నారు?" అడిగింది ఇనెస్.

"రెండు," అన్నాడు రాండెల్.

"అయిదు," అంది మార్వా. పొద్దున తన కార్డుతోనే కొని చూసింది. పట్టీ, విజిల్, ఆ తర్వాత ఎవరూ అనుకోని మూడు. పాఠాల లింకు అయిదో ఆఫర్ దాటాకే వస్తుంది. మధ్యలో విసిగి వెళ్ళిపోయినవాళ్ళు కొనడం కుదరలేదనుకుని మళ్ళీ మొదటినుంచి కొంటున్నారు.

వసంతంలో దీనిమీదే పోట్లాడుకున్నారు. మార్వా ఒకటి చాలంది. పేజీలు తయారుచేసే స్టెర్లింగ్ మూడన్నాడు. చివరికి రెండు దగ్గర రాజీపడ్డారు. రాండెల్ మాత్రం ఆ రోజు నోరు విప్పలేదు. గోడకున్న ఖాళీ మేకునే చూస్తూ కూర్చున్నాడు. ఈ వ్యాపారం వాళ్ళ వార్షిక సభలో, అమ్మకాలు గీత దాటినవాళ్ళను వేదికెక్కించి గోడకు తగిలించుకునే బహుమతి పలక ఇస్తారు. రాని పలకకు ముందే మేకు కొట్టాడు తమ్ముడు.

"ఇదంతా స్టెర్లింగ్ పని!" రాండెల్ బల్ల గుద్దాడు. "నాకు తెలీకుండా దూర్చేశాడు!"

"నేనా?" మూలనున్న కంప్యూటర్ దగ్గరినుంచి లేచాడు స్టెర్లింగ్. "ఆ వీడియోల్లో వాగుతున్నది నువ్వు కాదూ?"

"పాత వీడియోలు ముక్కలు చేసి అతికించావు! నాకు పేజీ కట్టడం వచ్చా?"

"రావక్కర్లేదు బాబూ. ఉన్న పేజీ కాపీ చేసి వీడియో మారిస్తే చాలు. మీ వాఫుల్‌కి నేర్పినా చేస్తుంది!"

తన పేరు విని బల్లకింద రాండెల్ కుక్క వాఫుల్ తలెత్తింది. మళ్ళీ పడుకుంది. మార్వా దానివంక చూసింది. తర్వాత తెర మీద అయిదో పేజీ వంక చూసింది.

తెరమీద వాఫుల్ కుడికాలు చాచి కూర్చుంది. ఆ కాలిమీద బొచ్చు గొరిగిన చోటు గులాబీరంగులో మెరుస్తోంది. గడ్డిముల్లు దిగితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది మార్వాయే. గొరుగుతుంటే తల పట్టుకున్నదీ ఆమే. అది జరిగింది వేసవిలో. రెండే అనుకున్న తర్వాత.

పాత వీడియో కాదు. రాండెల్ కొత్తగా తీసిందే.

"అంటే," ఇనెస్ గొంతు కరుకైంది, "ఎవరో ఉద్యోగి మీకు తెలియకుండా పేజీలు పెట్టాడు. మీ దుకాణం మీ చేతుల్లో లేదన్నమాట. అలాంటి చోట జనం కార్డులు వదలలేను. యజమానే పెట్టి ఉంటే యజమానే తీసేస్తాడు, నేనూ ఖాతా మూయకుండా కొంతకాలం చూసేదాన్ని. చివరిసారి అడుగుతున్నాను. స్టెర్లింగ్ అనే రాసుకోనా?"

మార్వా తమ్ముడి కళ్ళలోకి చూసింది. ఒక్క మాట వెనక్కి తీసుకుంటే చాలు. రాండెల్ పెదాలు కదిలాయి. చూపు మేకుమీదికి పోయింది. పెదాలు మూసుకున్నాయి.

కంపెనీ మునిగినా సరే, ఒప్పుకోడు. చిన్నప్పటినుంచీ అంతే. వీడి తరఫున సర్దిచెప్పడంలోనే ఆమె జన్మంతా గడిచిపోతోంది.

"హలో? ఉన్నారా?"

"ఉన్నానండీ," మార్వా ఫోన్ దగ్గరికి లాక్కుంది. "స్టెర్లింగ్ పేరు కొట్టేయండి."

"మార్వా, ఊరుకో," అన్నాడు రాండెల్ మెల్లగా.

"ఊరుకునీ ఊరుకునీ అలిసిపోయాన్రా." ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు. "రాసుకోండి, ఇనెస్ గారూ. ఆ మూడూ పెట్టింది యజమానే. మా తమ్ముడు, రాండెల్."